కరగ నృత్యము, దాని దైవ మూలము

పసుపు పూసిన కుండను శిరస్సున నిలిపి, దానిని చేతితో తాకక, వాద్యముల తాళమునకు తగినట్లు అడుగులు వేయు నృత్యమునకు తమిళ దేశమున కరగము, కరగాట్టము అని పేరు. ఫిజీ దీవుల నుండి ఆస్ట్రేలియాకు వచ్చి స్థిరపడిన దక్షిణ భారత కుటుంబములలో దీనిని ఎరుగని పెద్దలు అరుదు. అయినను మన పిల్లలలో అనేకులు దీనిని పాఠశాల వేదికలపైనను, నగరసభల వారు జరుపు ఉత్సవములలోను మాత్రమే చూచియున్నారు. వారికిది రంగు వస్త్రములు కట్టి చేయు ఒక వినోదము. మరియొక ప్రక్క ఆగమోక్తమైన పూజలకు అలవాటుపడిన భక్తులు కొందరు, ఇది పల్లెటూరి మ్రొక్కుబడి యనియు, పెద్ద గుడిలో దీనికి స్థానము లేదనియు తలంచుచున్నారు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావని మా మనవి. మేము గిర్మిటు కూలీల సంతతివారము. అమ్మవారి పూజారుల ఇండ్లలో పుట్టినవారము. చదివినది ప్రాథమిక పాఠశాల చదువే యైనను, ఈ విషయమున మాకు తెలిసినది నలుగురికి చెప్పుట ధర్మమని యెంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పేరును, రూపమును

కరకము అను సంస్కృత పదమునకు నీటి పాత్ర, కమండలువు అని అర్థము. తమిళుల కరగము, కన్నడిగుల కరగ, మన గోదావరి మండలముల గరగ ఈ పదముతో చుట్టరికము గలవే. కనుక ఇది తమిళుల సొత్తు, మనకేమి యని తెలుగువారు అనుకొన నక్కరలేదు. కోనసీమలో గ్రామదేవతల జాతర వచ్చినప్పుడు గరగలను తలపై నిలిపి, డప్పుల మ్రోతకు ఆడుచు ఇంటింటికిని తిరుగుదురు. ఇల్లాండ్రు ఎదురేగి గరగ నెత్తిన వాని పాదములపై నీళ్ళు పోసి మ్రొక్కుదురు. తెలంగాణమున బోనాల పండుగనాడు స్త్రీలు అన్నపు కుండలను తలకెత్తుకొని అమ్మవారి గుడికి పోవుదురు; అమ్మవారి రూపముగా ఘటమును ఊరేగింతురు. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళయందు మహాభారత ఉత్సవములు జరిపి, తుదకు నిప్పుల గుండము త్రొక్కుదురు. బెంగుళూరు నగరమున ధర్మరాయస్వామి ఆలయమునందు చైత్ర పూర్ణిమ రాత్రి తిగళ కులస్థులు ద్రౌపదీదేవి పేర పూల కరగను ఊరేగింతురు. దానిని మోయు పూజారి స్త్రీవేషము ధరించును. కత్తులు పట్టిన వీరకుమారులు ఆయనను పరివేష్టించి నడతురు. ఆ ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గాకు కూడ పోయి గౌరవము చూపుట అచ్చటి ఆచారము.

కరగములు రెండు విధములు. ఈ భేదమును గ్రహింపకపోవుట చేతనే నేటి వివాదములలో సగము పుట్టుచున్నవి.

మొదటిది శక్తి కరగము. ఏటి ఒడ్డుననో చెరువు గట్టుననో కుండను కడిగి, నీరు నింపి, పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు, పూలు గోపురము వలె పైకి పేర్చి, నిమ్మకాయ నుంచి, ఉడుక వాయించుచు పాట పాడి అమ్మవారిని అందులోనికి ఆవాహనము చేయుదురు. మోయువాడు ముందుగా చేతికి కంకణము కట్టుకొని ఉపవాసముతోను బ్రహ్మచర్యముతోను దీక్ష పూనవలెను. కరగమును శిరస్సున నెత్తిన పిమ్మట గుడి చేరువరకు దింపరాదు. ఆతడు ఆడు ఆట నేర్చుకొన్న ఆట కాదు. వాద్యమునకును, దీక్షకును, తలపై నున్న తల్లికిని లోబడిన శరీరము కదలు కదలికయే ఆ ఆట.

రెండవది ఆట కరగము. ఇది పల్లె కళాకారుల విద్య. లోహపాత్రలో బియ్యము మొదలగునవి నింపి బరువు కుదుర్చుదురు. దానిపై వెదురుబద్దల చట్రమునకు పూలు గాని రంగు కాగితములు గాని అలంకరించి, కొనయందు ఒక చిలుక బొమ్మను నిలుపుదురు. నాదస్వరము, తవిలు, పంబై, తముక్కు మొదలగు వాద్యములు గల నయ్యాండి మేళము దీనికి తోడు. కుండ చెదరకుండ నిచ్చెన నెక్కుట, నేలపై పొరలుట, క్రింద నున్న సూదిని కనురెప్పలతో తీయుట మున్నగు విద్యలను ప్రదర్శింతురు. స్త్రీలును పురుషులును దీనిని ఆడుదురు. 1989లో విడుదలయైన కరగాట్టక్కారన్ అను తమిళ చలనచిత్రము వలన ఈ ఆట పేరు లోకమంతట వ్యాపించినది. మన పిల్లలు వేదికపై చూచునది ఈ రెండవ విధమే. ఇది నింద్యము కాదు. ఇదియు మారియమ్మ తిరునాళ్ళలో పుట్టి పెరిగినదే. కాని ఇందులో ఆవాహనము లేదు, దీక్ష లేదు. బిడ్డను చూచి తల్లి యని భ్రమింపరాదు గదా.

పురాణ మూలము

కరగమునకు మూలమైన కథ రేణుకాదేవి కథ. మహాభారతమున అరణ్యపర్వమునందు ఈ వృత్తాంతము కలదు. జమదగ్ని మహర్షి భార్యయగు రేణుక స్నానమునకు పోయి, నీటిలో క్రీడించుచున్న చిత్రరథుని చూచి ఒక క్షణము చలించినది. మహర్షి కోపించి ఆమెను వధింపుమని కుమారుల నాజ్ఞాపించెను. తక్కిన కుమారులు ఒప్పుకొనలేదు. పరశురాముడు తండ్రి మాట చెల్లించి, తరువాత తల్లి బ్రతుకవలెనని వరము కోరుకొనెను. జనుల నోట ఈ కథ మరికొంత పెరిగినది. రేణుక ప్రతిదినము ఏటి యిసుకతో అప్పటికప్పుడు కుండ చేసి, ఆ పచ్చి కుండతోనే నీరు తెచ్చెడిదట. మనస్సు చలించిన నాడు ఆ కుండ ఇసుకయై రాలిపోయినదట. తిరిగి బ్రతికిన ఆ తల్లినే తమిళులు మారియమ్మ యనియు, తెలుగువారు ఎల్లమ్మ యనియు కొలుచుచున్నారు.

ఈ కథను పాతివ్రత్య బోధగా మాత్రమే చదువువారు కలరు. మా పెద్దలు మరియొక అర్థము చెప్పెడివారు. ఇసుకకు నీటిని నిలుపు శక్తి లేదు. నిలిపినది ఆమె నిగ్రహము. కరగమెత్తిన వాని శిరస్సుపై కుండ నిలుచుటకు కూడ నిగ్రహమే ఆధారము. చేతితో పట్టుకొన్నచో ఎవరైనను మోయగలరు. పట్టుకొనరాదను నియమమునందే ఈ వ్రతము యొక్క సారము కలదు. ఒకమారు మనస్సు చెదరిన ఆ తల్లినే లోకము దైవముగా నిలిపినదను సంగతి కూడ మనము మరువరాదు. తప్పటడుగు వేసినవారికి, శిక్ష అనుభవించినవారికి ఆమె సన్నిధి యందు చోటు కలదు. కూలీ జనులు ఆమెను అంతగా నమ్ముటకు ఇదియు ఒక కారణము.

తమిళ సాహిత్యమున కుండనాట్యము మిక్కిలి ప్రాచీనము. ఇళంగో అడిగళ్ రచించినదని చెప్పబడు శిలప్పదికారమున మాధవి యను నర్తకి ఆడిన పదునొకండు నృత్యములు పేర్కొనబడినవి. వానిలో కుడక్కూత్తు ఒకటి. బాణాసురుడు అనిరుద్ధుని చెరపట్టినప్పుడు, శ్రీకృష్ణుడు బాణుని నగర వీథులలో కుండలతో ఆడిన ఆట ఇది యని సంప్రదాయము. నేటి కరగమునకు ఇదియే పూర్వరూపమని పలువురు తలంతురు. ఉషానిరుద్ధుల కథ మన తెలుగువారికి కొత్త కాదు. చెరలోనున్న బిడ్డను విడిపించుటకై దేవుడు వీథిలో కుండతో ఆడెనను మాట, ఒప్పంద పత్రమునకు కట్టుబడి పరదేశము చేరిన మన పూర్వులకు మిక్కిలి తగిన మాట.

తమిళమున మారి యనగా వాన. కరగములోని నీరు ఆ వానకు గురుతు. మశూచి మున్నగు వేడి జబ్బులు ఆ తల్లి ఆగ్రహమనియు, వేపాకును పసుపు నీరును ఆమె చల్లదనమనియు ప్రజలు నమ్మిరి. మశూచి లోకమునుండి తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది. అది టీకా మందు చేసిన మహోపకారము. దానిని మనము కృతజ్ఞతతో ఒప్పుకొనవలెను. జబ్బు పోయినను వాన యొక్క అవసరము పోలేదు. చెరకు సీమలో నివసించు మనకు ఈ మాట విడమరచి చెప్ప నక్కరలేదు.

సముద్రము దాటిన కుండ

ఫిజీకి గిర్మిటు కూలీలను తెచ్చిన మొదటి ఓడ లియోనిదాస్. అది కలకత్తా నుండి బయలుదేరి 1879 మే 14వ తేదీన లెవూకా చేరినది. దారిలో ఆ ఓడపై కలరాయు మశూచియు చెలరేగినవి. మద్రాసు రేవు నుండి ఓడలు పోవుట 1903లో ఆరంభమైనది. అదే సంవత్సరమున లౌటోకా చక్కెర మిల్లు కూడ నడువసాగినది. 1916 వరకు ఫిజీ చేరిన సుమారు 61 వేల మందిలో సుమారు 15 వేల మంది మద్రాసు రేవు నుండి పోయినవారు. ఉత్తర ఆర్కాడు, చెంగల్పట్టు ప్రాంతములు, కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము, తంజావూరు, మలబారు సీమల వారు ఒకే ఓడలో కూర్చుండిరి. భాషలు వేరైనను ఫిజీలో అందరికిని మద్రాసీలు అను ఒకే పేరు పెట్టిరి.

ఐదేండ్ల ఒప్పందము; పురుషునికి దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు; అదియు చెప్పిన పని పూర్తియైనప్పుడే. కాపురము కూలీ లైన్లలో. ఆ దీవులలో ఆగమ విధిగా ఆలయము కట్టుటకు వారికి భూమి లేదు, శిల్పి లేడు, ధనము లేదు. రాతి విగ్రహమును ఓడలో తెచ్చుకొను స్తోమత ఎందరికున్నది? కాని కుండయు నీరును పూలును ఎచ్చటనైన దొరకును. పసుపు ఆ దీవులలో మన వారు పోకముందే యున్నది. ఇతౌకే ప్రజలు దానిని రెరెంగా యందురు. ఈ నాలుగు వస్తువులతో, పాట తెలిసిన ఒక పూజారితో, నియమముగల ఒక భక్తునితో అమ్మవారి గుడి సిద్ధమగును. పండుగ ముగిసిన పిమ్మట నీటిని నీటిలో కలిపినచో, మరునాడు ఉదయము కొడవలి పట్టి పనికి పోవచ్చును. కరగము కూలీల నడుమ నిలుచుటకు ఇదియే కారణమని మా అభిప్రాయము. గుడి లేనివారికి అది గుడి.

ఈ సంగతి ఫిజీకే పరిమితము కాదు. దక్షిణ భారత కూలీలు పోయిన నటాలు, మారిషసు, రీయూనియను, గయానా దేశములలోను మారియమ్మ పూజ వేళ్ళూనినది. గయానా కాళీమాయి పూజలో కరగము నేటికిని ముఖ్యమైన అంగము. సింగపూరు సౌత్ బ్రిడ్జి రోడ్డునందలి మారియమ్మ ఆలయము 1827 నాటిది. అచ్చట ఏటేట నిప్పులపై నడతురు.

ఫిజీలో చిన్న చిన్న కొట్టముల రూపమున మొదలైన మారియమ్మ గుళ్ళు క్రమముగా పెరిగినవి. 1926లో సాధు కుప్పుస్వామి గారి ఆధ్వర్యమున తెన్నిండియా సన్మార్గ ఐక్య సంగము ఏర్పడినది. 1941లో తెలుగువారు తమ భాష కొరకు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి. బడులు, పలకలు, భాషలు వేరైనను, అమ్మవారి ఉత్సవమునాడు కరగము వెంట తమిళుడును తెలుగువాడును కలిసియే నడచిరి. సువా నగరమున హవెల్ రోడ్డు మారియమ్మ ఆలయమున జరుగు గుండము పేరుగాంచినది. భక్తులు పది దినములు గుడిలోనే యుండి దీక్ష పాటించి, నీటి యొడ్డున పూజ ముగించుకొని, ఊరేగింపుగా వచ్చి నిప్పులు త్రొక్కుదురు.

ఇచ్చట ఒక పోలిక చెప్పవలసియున్నది. ఫిజీలో బెంగా దీవి యందలి సవౌ తెగవారికి కాలిన రాళ్ళపై నడచు తమ సొంత ఆచారము కలదు. అది విదేశ యాత్రికుల కొరకు హోటళ్ళలో ప్రదర్శనగా మారి, వారికి కొంత ఆదాయమును కీర్తిని తెచ్చినది. మనవారి గుండము గుడి ఆవరణమునందే నిలిచినది. చూడవచ్చిన యాత్రికులు గుడికి వచ్చి చూచిరి. అమ్మవారు హోటలుకు పోలేదు. సవౌ వారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. తమ ఆచారమును ఎట్లు చూపవలెనో నిర్ణయించుకొను హక్కు వారిది. మన పెద్దలు వేరొక నిర్ణయము చేసికొనిరి. అదే నిర్ణయము నేడు ఆస్ట్రేలియాలో మన యెదుటకు మరల వచ్చినది.

ఆస్ట్రేలియాలో

ఫిజీలో మన వారి చెమటతో చక్కెర చేసిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ 1855లో సిడ్నీలో పుట్టినది. అది క్వీన్స్‌లాండులోను మిల్లులు నడపినది. ఫిజీని 1973లో విడిచిపోయినది. కంపెనీ ఒకటియే యైనను కూలీల చరిత్ర రెండు చోట్ల రెండు విధములుగా నడచినది. క్వీన్స్‌లాండు చెరకు తోటలకు 1863 మొదలు 1904 వరకు పసిఫిక్ దీవుల నుండి సుమారు 62 వేల ఒప్పందములపై మనుష్యులను తెచ్చిరి. వారిలో మోసముతోను బలవంతముతోను తేబడినవారు అనేకులు. 1901 నాటి చట్టము ననుసరించి తరువాత వారిలో చాలమందిని వెడలగొట్టిరి. ఆ సంవత్సరముననే శ్వేతజాతీయేతరులకు వలస ద్వారము మూయబడినది. కనుక నటాలులోను ఫిజీలోను చెరకు తోటల ప్రక్కన ఏర్పడిన దక్షిణ భారత పల్లెలు ఇచ్చట ఏర్పడలేదు. మనము ఈ నేలపై నడచునప్పుడు, మనకంటె ముందు ఇచ్చట చెరకు నరకి కష్టపడిన ఆ దీవుల వారిని తలంచుకొనుట న్యాయము.

ఆ వర్ణభేద విధానము 1973 నాటికి పూర్తిగ తొలగింపబడినది. 1987 మే 14వ తేదీన, అనగా లియోనిదాస్ చేరిన నాటికి సరిగ 108 సంవత్సరములకు, ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగినది. 2000 సంవత్సరమున మరియొకటి జరిగినది. వేలాది కుటుంబములు సిడ్నీ, బ్రిస్బేను, మెల్బోర్ను నగరములకు తరలి వచ్చినవి. తాతలు ఒకమారు దాటిన సముద్రమును మనుమలు మరల దాటిరి. కరగమునకు ఇది రెండవ వలస.

ఆగమమును, కరగమును

ఈ దేశమున మన హిందువుల ఆలయ వైభవము గొప్పది. సిడ్నీ సమీపమున హెలెన్స్‌బర్గు వేంకటేశ్వరాలయమునకు 1985లో కుంభాభిషేకము జరిగినది. మెల్బోర్ను సమీపమున కారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయమునకు 1994లో జరిగినది. ఇవి భారతదేశము నుండి శిల్పులను రప్పించి, శాస్త్రోక్తముగా కట్టిన కోవెలలు. వానిని చూచి మనము గర్వింపవలసినదే. అయితే ఆ కుంభాభిషేకమనగా ఏమి? యాగశాలలో కలశములు స్థాపించి, దేవతా శక్తిని ఆ నీటియందు ఆవాహనము చేసి, దినముల తరబడి హోమములు చేయుదురు. కడపటి దినమున అర్చకులు ఆ కుంభములను శిరస్సున ధరించి, మేళతాళములతో ప్రదక్షిణము చేసి, గోపురమెక్కి శిఖరముపై పోయుదురు. పాత ఆలయమును బాగుచేయునప్పుడు సైతము విగ్రహములోని కళను కలశములోనికే మార్చి కాపాడుదురు. కలశమునకు చుట్టిన దారము నాడులనియు, నీరు రక్తమనియు, పైనున్న కొబ్బరికాయ శిరస్సనియు అర్చకులు చెప్పుదురు.

ఇప్పుడు యోచింపుడు. ఏటి యొడ్డున కుండలో తల్లిని ఆవాహనము చేసి, శిరస్సున ధరించి, వాద్యములతో గుడికి తెచ్చు పల్లె పూజారి చేయు పని దీనికి ఎంత దూరము? ఒకరు సంస్కృత మంత్రము చదువుదురు, మరియొకరు ఉడుకపై పాట పాడుదురు. ఒకరిది ఆగమము, మరియొకరిది ఆచారము. వీనికి గల భేదమును మేము లేదనుటలేదు. వేదాధ్యయనము చేసిన అర్చకునితో మేము సమానులమని చెప్పుకొనుటయు లేదు. కాని దైవము నీటియందు నిలుచునను విశ్వాసము, ఆ నీటిని మోయు తల పవిత్రమై యుండవలెనను నియమము రెంటికిని ఒక్కటే. కుంభమును గౌరవించి కరగమును తక్కువచేయుట తల్లిని పూజించి అమ్మమ్మను మరచుట వంటిది.

మన కర్తవ్యము

వేదికపై ఆట కరగమును ఆడుట మాన్పవలెనని మేము కోరము. వేదికయే లేకున్నచో ఈ దేశమున పుట్టిన పిల్లలలో ఎందరో కరగమను మాటనే ఎరుగకుందురు. ఆడపిల్లలు ఎంతో శ్రద్ధతో నేర్చుకొనుచున్నారు, వారిని ప్రోత్సహింపవలెను. కాని శక్తి కరగమును మాత్రము వేదికకు తీసికొనిపోరాదు. ఆవాహనము చేసిన కుండను చప్పట్ల కొరకు త్రిప్పుట తగదు. ఈ గీత చెరిగినచో, ఇరువది యేండ్లకు మనకు మిగులునది రంగు కాగితముల కుండ మాత్రమే.

ఆట నేర్పువారు మొదట రేణుకాదేవి కథను పిల్లలకు చెప్పుదురు గాక. వారికి తెలుగు రానిచో ఇంగ్లీషులోనే చెప్పుడు. కథ తెలియుట ముఖ్యము. వార్షికోత్సవమున ఒక ఉదయమైనను కరగమునకు విడిగా కేటాయించి, మోయువారిచే నియమముగా దీక్ష పట్టింపవలెను. ఫిజీ ప్రభుత్వము 2023 నుండి మే నెలలో గిర్మిటు దినమును సెలవు దినముగా పాటించుచున్నది. మనమును మే 14వ తేదీన ఓడలలో వచ్చిన మన పూర్వుల పేరున ఒక కరగమెత్తి, దీవుల నుండి ఇచ్చటికి తేబడిన కూలీలను కూడ స్మరించి, శాంతి కోరవచ్చును.

అన్నిటికంటె తొందరగా చేయవలసిన పని మరియొకటి కలదు. ఆవాహన వేళ పాడు పాటలు గ్రంథములలో లేవు. అవి పెద్దల కంఠములలో నున్నవి. తెలుగు మాటలు కొన్ని, తమిళ మాటలు కొన్ని, ఫిజీ హిందీ మాటలు కొన్ని కలిసిన పాటలు కూడ అందు కలవు. ఆ పాటలు పూర్తిగ వచ్చినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. ప్రతి యింట నేడు మాటను పట్టి దాచు ఫోను కలదు. మీ యింట అట్టి పెద్దలున్నచో ఈ వారమే వారి చెంత కూర్చుండి, పాడించి, దాచిపెట్టుడు. అక్షరములు తెలిసినవారు వ్రాసి సంఘమునకు అందజేయుడు. తప్పులున్నను చింతలేదు, తరువాత దిద్దుకొనవచ్చును. పాట ఒకమారు పోయినచో, కుండయు పసుపును పూలును ఎన్ని యున్నను తల్లిని పిలుచు నోరు మనకుండదు.

అమ్మవారి దయ మీ ఇండ్లపైనను, ఈ చెరకు చేలపైనను సకాలమున వానయై కురియు గాక.